మూరెడు కొమ్ము

మా ముత్తాత ఆదోని పత్తి మార్కెట్లో మొదటి వరసలో కూర్చున్న మనిషి. దూది పీచును రెండు వేళ్ళ మధ్య లాగి చూసి ఆయన ఒక మాట అంటే, ఆ పూటకు మార్కెట్లో అదే మాట. ఆయన కొడుకు, అంటే మా తాత, జిన్నింగు మిల్లు పెట్టాడు. మిల్లు కూత విని చుట్టుపక్కల నాలుగు వీధుల్లో పొయ్యిలు రాజుకునేవి. మా నాయన ఆ మిల్లును దాని చివరి రోజు దాకా నడిపాడు. నాకు అన్నదమ్ములు లేరు. అందుచేత ఆ వరసలో నాలుగో మనిషిని నేనే.

ఈ సంగతులు ఊళ్ళో ఇప్పుడు ఎవరికీ గుర్తు లేవు. గుర్తు లేనంత మాత్రాన జరగనివి అయిపోవు. అయితే మా ఇంటికి పేరు మార్కెట్టు వల్లనో మిల్లు వల్లనో వచ్చిందని నేను అనుకోను. పేరు నీళ్ళ వల్ల వచ్చింది.

ఆదోని రాతి మీద కట్టిన ఊరు. మా వీధిలో ఎవరు బావి తవ్వినా రాయైనా తగిలేది, లేదా నోట పెట్టలేని ఉప్పునీళ్ళయినా పడేవి. మా పెరట్లో ముత్తాత తవ్వించిన బావిలో మాత్రం తీపినీళ్ళు పడ్డాయి. ఆ ఏటి ఉగాదికే ఆయన ఇంటి ముందర చలివేంద్రం పెట్టాడు. పత్తి బండ్లు, వేరుశనగ బండ్లు మార్కెట్టుకు పోయే దారి మా వీధే. ఉగాది మొదలు మృగశిర కార్తెలో మొదటి వాన పడేదాకా, ఆ దారిన పోయిన ఏ మనిషీ మా ఇంటి ముందు నీళ్ళు తాగకుండా పోలేదు. ఈ మాట మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకున్నారో లెక్క లేదు. నేనూ నిన్న మొన్నటి దాకా చెబుతూనే వచ్చాను.

ఆ నీళ్ళకొక పద్ధతి ఉండేది. తెల్లవారగానే బావి నుంచి తోడి, ఇత్తడి బిందెలతో తెచ్చి, నడవలో ఉన్న రాగి గంగాళంలో పోసేవాళ్ళు. నా చిన్నప్పుడు దాని అంచు నా గడ్డానికి తగిలేది. అక్కడి నుంచి అరుగు మీద ఇసుకలో కుదురుగా పెట్టిన నాలుగు మట్టి కాగుల్లోకి నీళ్ళు పోయేవి. కాగులకు తడిగుడ్డ చుట్టేవాళ్ళు, లోపల వట్టివేళ్ళు వేసేవాళ్ళు. గంగాళాన్ని మాత్రం ఎన్నడూ పూర్తిగా ఖాళీ చేయకూడదు. చింతపండుతో తోమే రోజున కూడా ఒక చేరెడు నీళ్ళు వేరే చెంబులోకి తీసిపెట్టి, తోమడం అయ్యాక ముందు ఆ చేరెడూ పోసి, తర్వాతే కొత్త నీళ్ళు పోయాలి. మా నాయన తల్లిని మేం జేజి అనేవాళ్ళం. ముత్తాత మొదటిరోజు పోసిన నీళ్ళు ఇంకా ఆ గంగాళంలో ఉన్నాయని జేజి నమ్మకం. నేను ఒంటరిగా నడవలోకి పోయినప్పుడు లోపలికి తొంగి చూసేదాన్ని. అడుగున నల్లగా, కదలకుండా ఉండే నీళ్ళు ముత్తాతవి, పైన మెరిసేవి మావి అనుకునేదాన్ని.

ఇక కొమ్ముచెంబు. మామూలు కొమ్ముచెంబుకు నాలుగు వేళ్ళ కొమ్ము ఉంటుంది. మా దానికి మూరెడు ఉండేది. ముత్తాత కంచరివాడి దగ్గర కూర్చుని చెప్పి చేయించిన రాగి చెంబు. కొంగ మెడలాగా ముందుకు సాగి, చివర కొంచెం కిందికి వంగిన సన్నటి కొమ్ము. అరుగెక్కి కూర్చునేవాళ్ళకు కాగుల్లో ముంచి ఇత్తడి గ్లాసులతో నీళ్ళు ఇచ్చేవాళ్ళు. అరుగెక్కనివాళ్ళు, ఊరి బయటి వాడల నుంచి వచ్చేవాళ్ళు, మెట్టు కింద బండ మీద గొంతుకూర్చుని దోసిలి పట్టేవాళ్ళు. మెట్టు పైన నిలబడి ఈ చెంబుతో వాళ్ళ దోసిట్లోకి పోసేవాళ్ళు. కొమ్ము చివరకూ దోసిలికీ మధ్య జానెడు ఖాళీ ఉండేది. ఎవరికి గ్లాసో, ఎవరికి కొమ్మో ఎవరూ ఎవరినీ అడిగేవాళ్ళు కాదు. ఎండలో నడిచి వచ్చిన మనిషి మెట్టు దగ్గర ఆగుతూనే ఎక్కడమో కూర్చోవడమో తనంతట తానే చేసేవాడు. నీళ్ళు పోయడానికి ఒక ముసలాయన ఉండేవాడు. ఆయన చేయి ఎన్నడూ వణికేది కాదు.

నాకు పదేళ్ళప్పుడు ఒక వేసవిలో ఆయన జ్వరంతో రాలేదు. నేను పోస్తానని పట్టుబట్టాను. జేజి ఒప్పుకుంది.

పొద్దు నడినెత్తికి రాకముందే చేయి లాగడం మొదలైంది. అయినా దించలేదు. అందరూ నన్ను చూసి దండం పెడుతుంటే నాకు చాలా గొప్పగా ఉంది. అప్పుడు ఒకామె వచ్చింది. చంకలో ఒక పిల్ల. ఆ పిల్ల తల వాలిపోయి, పెదవులు తెల్లగా పొక్కులు లేచి ఉన్నాయి. ఆమె పిల్లను ఒడిలో పెట్టుకుని బండ మీద కూర్చుని దోసిలి పట్టింది. నేను పోశాను. మొదటి దోసిలి ఆమే తాగింది, గడగడా, ఊపిరి తీయకుండా. రెండో దోసిలి పట్టింది. కొమ్ములో నీళ్ళు దారంలా సన్నగిల్లి, చుక్కలై, ఆగిపోయాయి.

"ఇంగొంచెం పొయ్యమ్మా, పిల్లకి," అన్నది.

"ఉండు, తెస్తా," అన్నాను.

చెంబు తీసుకుని నడవలోకి పోయి గంగాళంలో ముంచి నింపాను. నింపిన చెంబును ఎత్తుతుండగా పెరటి వాకిలి నుంచి మా మేనమామ వచ్చాడు. బళ్ళారి నుంచి వచ్చేవాడు, ఏడాదికి ఒకసారి. చేతిలో మిఠాయి పెట్టె. "ఏమే, ఎంత పొడుగైనావు! రా, ఒక పద్యం చెప్పు, పెట్టె నీదే," అన్నాడు. చెంబును గంగాళం పక్కన దించాను. పద్యం చెప్పాను. ఇంకొకటి చెప్పమన్నారు, అదీ చెప్పాను. మిఠాయి తిన్నాను. అది పాలకోవా. చేతులు జిగటగా ఉంటే కడుక్కుందామని గంగాళం దగ్గరికి పోయినప్పుడు చెంబు కనిపించింది. నిండుగా, నేను దించిన చోటే.

పరుగెత్తాను. బండ మీద ఎవరూ లేరు. ఆమె దోసిలి నుంచి కారిన నీళ్ళు కూడా ఆరిపోయి బండ తెల్లగా ఉంది. వీధిలో అటూ ఇటూ చూశాను. ఎండ తప్ప ఏమీ లేదు. ఆమె ఎంతసేపు అలా దోసిలి పట్టుకుని కూర్చుందో నాకు తెలియదు. ఆ పిల్ల తాగిందో లేదో తెలియదు.

ఎవరికీ చెప్పలేదు. నిండు చెంబును తిరిగి గంగాళంలో పోయడానికి భయం వేసింది. అడుగున ఉన్న ముత్తాత నీళ్ళకు సంగతి తెలిసిపోతుందనిపించింది. పెరట్లోకి పోయి, బావి పక్కన ఉన్న మల్లెపొద పాదులో చెంబంతా వంచేశాను. జేజి చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"బాగుండాదే! ఆ కొమ్ముకి సెట్టు మొదుట్లోకే పోతాండాయి నీళ్ళు. నువ్వు వంగే పని లేదు. మన ఇంట్లో పుట్టినోళ్ళు వంగగూడదు," అన్నది.

ఆ మర్నాటి నుంచి నేను రోజూ ఆ చెంబుతోనే మొక్కలకు నీళ్ళు పోశాను. చలివేంద్రం లేని నెలల్లో అది మొక్కల చెంబు అయిపోయింది. కొమ్ము చివర నుంచి దారంలా పడే నీళ్ళు పాదులో ఇంకే చప్పుడు నాకు బాగుండేది. అది దోసిట్లో పడే చప్పుడు కాదు. దోసిట్లో పడే నీటి చప్పుడు వేరుగా ఉంటుంది. బిందెలో పడే నీళ్ళు మోగుతాయి, నేల మీద పడే నీళ్ళు చిందుతాయి. దోసిట్లో పడే నీళ్ళు మెత్తగా, గొంతు సవరించుకుంటున్నట్టు పలుకుతాయి. ఆ చప్పుడు నేను ఆ రోజు తర్వాత చాలాసార్లు విన్నాను, దోసిలి ఏదీ లేని చోట. మధ్యాహ్నం పూట నడవలో, ఎవరూ లేనప్పుడు. నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. విన్నది విన్నానని చెబుతున్నాను, అంతే.

తర్వాత రెండేళ్ళకు బావి ఎండింది. చుట్టూ బోర్లు పడ్డాయి, నీరు లోతుకు పోయింది. కారణం ఇదేనని ఇప్పుడు చెప్పగలను. అప్పుడు జేజి మాత్రం బావి గట్టు మీద కూర్చుని, "ఎవురి ఉసురో తగిలింది. ఎవురికో గొంతెండింది, మనకి బావెండింది," అన్నది. అది మొదలు ఇంట్లో ఏం జరిగినా అదే మాట. మిల్లులో నిప్పు పడి దూది బోరాలు కాలినప్పుడు అదే మాట. మిల్లు మూతపడినప్పుడు అదే మాట. ఎవరి ఉసురు అని నాయన విసుక్కుంటే, జేజి వేళ్ళు మడిచి పేర్లు చెప్పేది: పనిలోంచి తీసేసిన గుమాస్తా, తగాదా పడిన దాయాది, మాట తప్పిన వియ్యంకుడు. నేను గోడకు ఆనుకుని వింటూ ఉండేదాన్ని. ఆ పేర్లలో ఏదీ కాదని నాకొక్కదానికే తెలుసు.

తెలుసు కాబట్టే, ఇల్లు చేయి జారిపోయి, జేజీ నాయనా అమ్మా ఒకరి తర్వాత ఒకరు పోయాక, టీచరు ఉద్యోగం చేసుకుంటూ ఎమ్మిగనూరులో స్థిరపడిన నేను రెండే వస్తువులు వెంట తెచ్చుకున్నాను. గంగాళం, కొమ్ముచెంబు. గంగాళంలో చేరెడు నీళ్ళు ఒలకకుండా మూతకు గుడ్డ కట్టి, ఆటోలో నా కాళ్ళ మధ్య పెట్టుకుని ఇరవై మైళ్ళు తెచ్చాను. ప్రతి ఉగాదికీ నా అద్దె ఇంటి ముందర చలివేంద్రం పెడుతూ వచ్చాను. పెళ్ళి చేసుకోలేదు, నా తర్వాత ఎవరూ లేరు. ఈ నీళ్ళు పోస్తున్నంత కాలం మా ఇల్లు ఉన్నట్టు. ఏదో ఒక రోజు ఆ బాకీ దోసిలి కూడా నిండుతుందని నా ఆశ. ఎవరి దోసిలితోనో, ఎలాగో తెలియదు.

మా వీధి మగ్గాల వీధి. నా గోడకు అవతల మగ్గం ఉంది. నూలును బిగించే పలక పడినప్పుడల్లా నా గంగాళంలో నీళ్ళ మీద సన్నటి వలయాలు లేస్తాయి. మొదట్లో చూడటానికి బాగుండేది. ఒకసారి మగ్గం గుంటలో నీరు ఊరి పక్కింటివాళ్ళు వారం రోజులు నేత ఆపేశారు. ఆ వారంలో కూడా ఒక మధ్యాహ్నం వలయాలు చూశాను. వీధిలో లారీ ఏదైనా పోయిందేమోనని బయటికి వచ్చి చూశాను. లారీ లేదు.

పక్కింటి నేత ఆమె నాకన్నా పదిహేనేళ్ళు చిన్నది. నోరు మంచిదే కానీ ఊరుకోదు. ఈ ఏడు ఉగాది మర్నాడు నేను నీళ్ళ క్యాన్లు తెప్పించి గంగాళంలో వంచుతుంటే గుమ్మంలో నిలబడి చూసింది.

"టీచరమ్మా, క్యాను నీళ్ళు గంగాళంలో పోసి గంగాళం నీళ్ళు అంటావు. ఎవుర్ని మోసం సేసేకి?"

"నీళ్ళు యాడివైతేనేమి, పాత్ర మాది."

"పాత్రని తాగుతారా యాడన్నా? నీ గంగాళం సూసి జనం ఏమనుకుంటాండారో తెల్సా? ఏదో గుడి హుండీ అనుకుంటాండారు. నిన్న ఒకాయన రూపాయి ఏసి దండం పెట్టిపోయినాడు."

అది నిజం. అడుగున ఆ బిళ్ళ కనబడుతూనే ఉంది. నవ్వు రాలేదు నాకు. ఈ నాలుగేళ్ళలో నీళ్ళు తాగేవాళ్ళు తగ్గిపోయారు. మంత్రాలయానికి కాలినడకన పోయే భక్తులు కూడా చేతిలో సీసాలతో పోతున్నారు. పోయిన ఏడు నేను లెక్క పెట్టుకోవడం మానేశాను. ఈ ఏడు కూడా ఎవరూ ఆగకపోతే ఇక పెట్టకూడదని నాకు నేనే గడువు పెట్టుకున్నాను. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

ఉగాది పోయి మూడు వారాలైంది. ఒక పొద్దున పది గంటలప్పుడు మెట్టు పక్క డబ్బాల్లో పెట్టిన కనకాంబరాలకు కొమ్ముచెంబుతో నీళ్ళు పోస్తున్నాను. నందవరం వైపు పోయే ఒక ఆటో మా ఇంటి ముందు టైరు పంక్చరై ఆగింది. సుగ్గికి పోయి వస్తున్నవాళ్ళు. ఇక్కడ పంట లేని నెలల్లో మిరపకోతకు దూరం జిల్లాలకు పోయి, ఎండలు ముదిరాక తిరిగి వచ్చే కూలి జనం. ఆటో నిండా గిన్నెల మూటలు, బొంతలు, కూలి కింద ఇచ్చిన ఎండుమిరప గోతాలు. వాళ్ళు దిగీ దిగగానే ఘాటుకు నాకు దగ్గు వచ్చింది. కుర్రవాళ్ళు గబగబా వచ్చి గంగాళం దగ్గర ఉన్న రెండు స్టీలు గ్లాసులు అందుకున్నారు. ఒకరి తర్వాత ఒకరు తాగుతున్నారు. నేను చెంబు పట్టుకుని మెట్టు మీద అలాగే నిలబడి చూశాను. నాలుగేళ్ళ తర్వాత మా గంగాళం చుట్టూ మనుషులు.

వాళ్ళ వెనక నుంచి ఒక ముసలామె వచ్చింది. డెబ్బై దాటి ఉంటుంది. వేళ్ళ చివర్లు మిరపకాయలు తుంచి తుంచి ఎర్రగా కమిలి ఉన్నాయి. ఆమె నా వైపు చూడలేదు. నా చేతిలోని కొమ్మును చూసింది. చూస్తూనే మెట్టు కింద గొంతుకూర్చుని దోసిలి పట్టింది.

నా చేయి లేచింది. నేను లేపలేదు. మెట్టు దిగలేదు, నడుము వంచలేదు. మా ముసలాయన పోసినట్టే జానెడు ఖాళీ వదిలి పోశాను. చేయి వణకలేదు. దోసిట్లో నీళ్ళు మెత్తగా, గొంతు సవరించుకుంటున్నట్టు పలికాయి.

ఆమె తాగి, తడి చేతులతో ముఖం తుడుచుకుని, తలెత్తింది.

"ఇట్లాంటి కొమ్ము ఆదోనిలో ఒక్క ఇంట్లోనే ఉండె. మిల్లోళ్ళ ఇంట్లో."

"అది మా ఇల్లే," అన్నాను. "నేను వాళ్ళ మనవరాల్ని."

"అట్లనా తల్లీ!" అని ఆమె నోరంతా తెరిచి నవ్వింది. "మా యమ్మెంబడి మార్కెట్టుకి వస్తాంటి సిన్నప్పుడు. మీ మెట్టుకాడ ఎన్ని తూర్లు తాగినానో. పానకం ఉన్నట్టు ఉండె ఆ నీళ్ళు."

నలభై ఏళ్ళుగా ఈ మాట అనే మనిషి కోసం చూశాను. వీధిలో అందరూ వినేలా అన్నది. పక్కింటి ఆమె కూడా గుమ్మంలో నిలబడి విన్నది. నేను ఎంత నిటారుగా నిలబడ్డానో నాకు తెలుస్తూనే ఉంది. అంతలో, అడగకుండా ఉండలేక, నా గొంతులో యాభై ఏళ్ళుగా ఉన్నది బయటికి వచ్చేసింది.

"ఎప్పుడన్నా మా మెట్టుకాడ నీళ్ళు దొరక్కుండా పోయినారా?"

లేదు తల్లీ అంటుందనుకున్నాను. లేదా, మా అమ్మ ఒకసారి చెప్పింది, ఒక చిన్నపిల్ల లోపలికి పోయి రాలేదంట, అంటుందనుకున్నాను. రెండింటికీ సిద్ధంగా ఉన్నాను.

"శానా తూర్లు," అన్నది ఆమె, ఎండ గురించి చెప్పినంత మామూలుగా. "పోసేటాయన లోపలికి పోయి రాకుంటే సూసి సూసి లేసి పోతాంటిమి. మల్లా పిలిసేకి రాదు గదా. పెద్దిల్లు."

నేను చెంబును రెండో చేతికి మార్చుకున్నాను.

"మా యమ్మ ఒక మాట అంటాండె," అని ఆమె మళ్ళీ నవ్వింది. "ఆ ఇంటోళ్ళ సెయ్యి పెద్దదేలే, కాకపోతే సెయ్యి కన్నా కొమ్ము పెద్దది, అని."

ఆటో జనం పకపకా నవ్వారు. ఆమె మాటలో కసి లేదు. తల్లి అన్న చమత్కారం గుర్తొచ్చి మురిసిపోయింది, అంతే. అప్పుడే ఆమె మనవరాలు ఆటో వైపు నుంచి వచ్చింది. ఎమ్మిగనూరులో డిగ్రీ చదువుతున్న పిల్ల, అవ్వను ఊరికి తీసుకుపోవడానికి బస్టాండుకు వచ్చిందట. భుజాన సంచి, చేతిలో ఫోను. మెట్టు కింద కూర్చున్న అవ్వను చూసి ఆగిపోయింది.

"అవ్వా, లెయ్. యాల అట్ల కూసున్నావు కిందికి?"

"ఏమో మే. ఆ సెంబు సూస్తానే సేతులు వాటికవే పట్టినాయి."

ఆ అమ్మాయి నా వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "మేడమ్, గ్లాసులు ఉన్నాయి గదా. మీరు రెండు మెట్లు దిగితే సరిపోయేది."

మా బళ్ళో ఏ పిల్లా నాతో అలా మాట్లాడలేదు. మాట్లాడితే ఏం చెప్పేదాన్నో నాకు తెలుసు. ఆ రోజు చెప్పలేదు. చెంబు మెట్టు మీద పెట్టి, గ్లాసు కడిగి, గంగాళంలో నింపి, మెట్లు దిగి ముసలామె ముందు పట్టాను. "ఇంగొంచెం తాగమ్మా," అన్నాను. నా నోటి నుంచి ఆ మాట బయటికి వచ్చాక అది ఎవరి మాటో గుర్తొచ్చింది.

"సాలు తల్లీ. కడుపు నిండింది," అన్నది ముసలామె, మోకాళ్ళ మీద చేయి ఆనించి లేస్తూ.

మనవరాలు నా చేతిలోంచి గ్లాసు అందుకుంది. అవ్వ వద్దని తల ఊపింది. ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆలోచించి, ఆ నీళ్ళను కనకాంబరం పాదులో పోసి, గ్లాసును గంగాళం పక్కన బోర్లించి పెట్టింది. విసురుగా చేయలేదు. నీళ్ళు పారబోయకూడదన్న పద్ధతి తెలిసిన పిల్ల లాగే చేసింది. పాదులో నీళ్ళు ఇంకే చప్పుడు వినిపించింది. యాభై ఏళ్ళ కిందట మల్లెపాదులో నేను విన్న చప్పుడే.

టైరు మార్చి ఆటో పోయింది. ఘాటు మాత్రం సాయంత్రం దాకా వీధిలో ఉంది.

పక్కింటి ఆమె ఏదో ఒకటి అంటుందనుకున్నాను. తర్వాత దగ్గరికి వచ్చి, "నీకు సెమట పట్టింది, లోపలికి పోయి కూసో టీచరమ్మా," అన్నది. నేను కూర్చోలేదు. మెట్టు మీదే నిలబడి ఉన్నాను.

ఇన్నేళ్ళూ నేను అనుకున్నది వేరు. నాలుగు తరాల ధర్మంలో ఒక్క మచ్చ ఉంది, అది నాది అనుకున్నాను. బావి ఎండిందీ, మిల్లు కాలిందీ, ఇల్లు పోయిందీ ఒక పదేళ్ళ పిల్ల మరచిపోయిన ఒక్క చెంబు నీళ్ళ వల్ల అనుకున్నాను. ఆ తప్పును కూడా ఒక ఆస్తిలాగా దాచుకున్నాను. తీరా చూస్తే అది నా ఒక్కదానిది కాదు. శానా తూర్లు. మా ముసలాయన ఎన్నిసార్లు లోపలికి పోయి రాలేదో, ఎన్ని దోసిళ్ళు చూసి చూసి లేచిపోయాయో. చేయి వణకని ఆ మనిషి మా దగ్గర అన్నం తిని మా పద్ధతి ప్రకారమే పోశాడు. పిలవడానికి వీల్లేని ఇంటి ముందు కూర్చున్నవాళ్ళు పిలవలేదు. జేజి వేళ్ళు మడిచి చెప్పిన పేర్లలో లేనివాళ్ళు ఇంతమంది ఉన్నారని జేజికీ తెలియదు, నాకూ తెలియదు. తెలియదనడం కూడా పూర్తి నిజం కాదు. కొమ్ము ఎందుకంత పొడుగో నాకు పదేళ్ళప్పుడే తెలుసు. తెలిసే దాన్ని మొక్కల చెంబు అన్నాను.

మా ముత్తాత పెట్టిన నీళ్ళను నేను ఈ రోజుకూ తక్కువ చేయను. ఎండలో వచ్చినవాళ్ళ గొంతు తడిపిన నీళ్ళు అవి. ముసలామె పానకం అన్నది, అది అబద్ధం కాదు. రెండూ ఒకే మెట్టు దగ్గర జరిగాయి.

మరునాడు గంగాళాన్ని మెట్టు మీద నుంచి దింపించి వీధి మట్టంలో ఒక బల్ల మీద పెట్టించాను. రూపాయి బిళ్ళ తీసేశాను. చేరెడు నీళ్ళను ఎప్పటిలాగే ఉంచాను. ఎవరికి కావలసింది వాళ్ళే ముంచుకుని తాగేలా పిడి ఉన్న గరిటెచెంబు, గ్లాసులు పెట్టాను. మొన్న ఇద్దరు తాగారు. నిన్న ఎవరూ రాలేదు. మధ్యాహ్నం మగ్గం ఆగిన వేళ గంగాళంలో వలయాలు లేచాయి. వీధిలో లారీ ఏదైనా పోయిందేమోనని నేను చూడలేదు.

మొక్కలకు ఇప్పుడు ప్లాస్టిక్ మగ్గుతో పోస్తున్నాను. పాదు దాకా వంగాలి. వంగినప్పుడు నడుము పట్టేస్తుంది. వంగి, ఒక చేత్తో డబ్బా అంచు పట్టుకుని, ఆ చప్పుడు వినిపిస్తే వింటూ, కాసేపు అలాగే ఉండి, తర్వాత లేస్తాను.

మొన్న గురువారం బస్సులో ఆదోని పోయాను. పాత రాగి కొనే అంగడివాడు చెంబును అటూ ఇటూ తిప్పి చూసి, "కొమ్ము అతుక్కాడ సీసం ఉంటాదమ్మా, కోసి తూకమెయ్యల్ల," అన్నాడు. కోయమన్నాను. కొమ్ము లోపల ఉప్పు తెల్లగా గట్టిగా పేరుకుని ఉంది. నీళ్ళు పోవడానికి దారమంత సందే మిగిలింది. ఆ ఉప్పు ఏ ఊరి నీళ్ళదో చెప్పలేను.

మిల్లును, బావి ఉన్న పెరటిని, ఇంటిని మా నాయన అమ్మాడు. కొమ్ముచెంబును నేను అమ్మాను.